మెరుపు కాగితం అడుగున నిలిచిన నీళ్లు

సంపాదకుడికి,

అయ్యా,

డిసెంబరు వచ్చిందంటే కార్యాలయాల్లో, ఆసుపత్రి వరండాల్లో ఎర్రటి పాయిన్సెట్టియా మొక్కల కుండీలు వరస తీరుతాయి. సంక్రమించిన జబ్బేదో ఉన్నట్టు, జనవరి సగానికల్లా అవన్నీ మోడులై చెత్తబండి ఎక్కుతాయి. ఈ మొక్క బతకదు, అంతే అని అందరూ తేల్చేస్తారు. నాకు మాత్రం కుండీకి చుట్టి అమ్మే మెరుపు కాగితం మీదే అనుమానం.

ఈమధ్య ఒక కార్యాలయంలో గంటసేపు కూర్చోవలసి వచ్చింది. పక్కన ఆకులు వేలాడేసిన మొక్క. అక్కడి ఉద్యోగి సీసాడు నీళ్లు పోసి, "నిన్న కూడా పోశానండీ, అయినా వాడిపోతూనే ఉంది" అన్నారు. ఇద్దరం కలిసి కాగితం విప్పాం. అడుగున అంగుళం నీళ్లు, మురుగు వాసన. వేర్లు గోధుమ రంగుకు తిరిగాయి. ఒకదాన్ని పట్టి లాగితే పైపొర ఊడివచ్చి సన్నటి దారం మిగిలింది. అదే వరసలో పచ్చగా ఉన్న కుండీ ఒక్కటే. దాని కాగితం తెచ్చిన రోజే చిరిగిందట!

నీళ్లు చాలక వాడిన మొక్క, నీళ్లెక్కువై వాడిన మొక్క చూపుకు ఒకేలా ఉంటాయి. చిక్కంతా అక్కడే. నీళ్లలో నానిన వేర్లకు గాలి ఆడదు, కుళ్లిన వేరు నీటిని పైకి పంపలేదు. ఆకు వాలిపోతుంది. చూసినవారు జాలిపడి మళ్లీ పోస్తారు. మెక్సికోలో వానలు తగ్గిపోయాక పొడినేలల మీద ఎర్రబడే పొద ఇది. ఇంత దయ దానికి అలవాటు లేదు.

ఆకును కాదు, మట్టిని అడగాలి. పైమట్టి వేలికి పొడిగా తగిలి, ఎత్తితే కుండీ తేలిగ్గా ఉంటేనే నీళ్లు. పోస్తే అడుగు రంధ్రాల నుంచి కారేదాకా పోసి, పళ్లెంలో చేరినది పారబోయాలి. వారానికి ఎన్నిసార్లంటే చెప్పలేం, గదిలోని వేడిని, వెలుతురును బట్టి మారుతుంది. అలాగని మరీ ఎండగట్టినా కింది ఆకులు పండి రాలతాయి. కుండీలో నింపే పీట్ (నాచు కుళ్లి ఏర్పడిన మట్టి) మిశ్రమం బాగా ఎండితే కుండీ అంచు వదిలేస్తుంది, పోసిన నీళ్లు పక్కలనుంచి జారిపోతాయి. అప్పుడు కుండీని కాసేపు నీళ్ల బకెట్లో ఉంచి, తీసి ఓడ్చాలి. ఎర్రగా కనిపించేవి పూరేకులు కావు, రంగు తిరిగిన ఆకులు. సరిగ్గా చూసుకుంటే వారాల తరబడి నిలుస్తాయి.

అమ్మేవారు ఆ కాగితం అడుగున నాలుగు చిల్లులు పొడిచి, నీళ్లు పోసే తీరు రాసిన చీటీ ఒకటి కట్టి ఇవ్వాలి. కొనే సంస్థలు కుండీల బాధ్యత ఒక్కరికే అప్పగించాలి. నేను చూసిన ఆ కార్యాలయంలో ఉదయం ఊడ్చే ఆమె, మధ్యాహ్నం ఆ ఉద్యోగి, సాయంత్రం కాపలాదారు, ముగ్గురూ ఒకరికి తెలియకుండా ఒకరు పోస్తున్నారు.

ఇట్లు,
ఒక పాఠకురాలు