నడిచేవాడికి ఏ గడి బుక్ చేస్తారు?

సంపాదకుడికి,

డ్రైవర్ లేని కార్లు వచ్చాక చౌరస్తాల్లో సిగ్నళ్లే అక్కర్లేదంటూ పోయిన ఆదివారం మీరు వేసిన వ్యాసం చదివాను. రాద్దామా వద్దా అనుకుంటూనే రోజులు గడిచాయి. నిన్న మళ్లీ మా హబ్సిగూడలో రోడ్డు దాటలేక ఎండలో నిలబడ్డాక ఊరుకోబుద్ధి కాలేదు.

ఆ ఆలోచన కొత్తదేం కాదు. అమెరికాలో టెక్సస్ విశ్వవిద్యాలయానికి చెందిన డ్రెస్నర్, స్టోన్ 2004లోనే చెప్పారు. చౌరస్తాను గళ్లుగా విడదీస్తారు. వచ్చే కారు ఫలానా క్షణంలో ఫలానా గళ్ల మీదుగా పోతానని కంప్యూటర్‌ను ముందే అడుగుతుంది. ఖాళీ ఉంటే సరే, లేకపోతే వేగం తగ్గించి మళ్లీ అడగాలి. అచ్చం రైల్లో బెర్తు రిజర్వేషన్. కానీ మన దగ్గర బుక్ చేసుకున్న కారు వచ్చేసరికి ఆ గడిలో షేర్ ఆటో ఆగి 'ఉప్పల్, ఉప్పల్' అని కేకలేస్తుంటుంది. రాంగ్ సైడులో దూసుకొచ్చే బైకు ఏ కంప్యూటర్‌ను అడుగుతుంది? మనుషులు నడిపే బండ్లు ఉన్నంతకాలం లైట్లు ఉండాల్సిందేనని, దాదాపు అన్నీ డ్రైవర్ లేనివైతేనే అసలు లాభమని ఆ పరిశోధకులే రాశారు. మీ వ్యాసంలో ఆ ముక్క లేదు.

కందిలోని హైదరాబాద్ ఐఐటీలో ఇలాంటి వాహనాల కోసం 2022లో పరీక్షా ప్రాంగణం ప్రారంభించారు, సంతోషం. పరిశోధన ఆపమని కాదు నా గోల. ఉన్న సిగ్నల్ సంగతి చూడండి. మా దగ్గర అంకెల బోర్డులో సగం గీతలు వెలగవు, 8కీ 3కీ తేడా తెలియదు. ఎర్ర లైటుకు వేపకొమ్మ అడ్డం. ఫిర్యాదు చేస్తే స్తంభం మాది కాదన్నారు ఒకరు, కొమ్మ మాది కాదన్నారు ఇంకొకరు. లైటు ఎవరిదో ఇంకా తేలలేదు. ఈలోపు సిమెంటు దిమ్మెలు తెచ్చి యూటర్న్ మూసేశారు. దానికి మాత్రం ఏ శాఖా అడ్డు చెప్పలేదు!

ఇక నడిచేవాళ్లు. కారు అడుగుతుంది, కంప్యూటర్ ఇస్తుంది. మోకాళ్ల నొప్పులతో కర్ర పట్టుకుని నిలబడ్డ ముసలావిడ తరఫున ఎవరడుగుతారు? జీబ్రా గీతలు చెరిగిపోయాయి, ఫుట్‌పాత్ మీద మిర్చి బజ్జీల బండి. సిగ్నల్ కోసం ఆగకుండా బండ్లు ఎడమకు తిరిగే ఫ్రీ లెఫ్ట్ అంటే నడిచేవాడికి ఎప్పటికీ వంతు రాకపోవడమే. దాని గురించి ఏ అధికారికీ టెన్షన్ లేదు, కార్లు ఎంత త్వరగా పోతాయన్నదే లెక్క.

వ్యాసం రాసినవారు ఓసారి సాయంత్రం ఆరింటికి ఇటు రావాలి, చేతిలో కూరగాయల సంచితో అవతలికి దాటి చూపించాలి. ఆ తర్వాత చౌరస్తాలో ఎన్ని గళ్లు గీసినా ఓపిగ్గా చదువుతాను.

– ఒక రిటైర్డ్ ఉద్యోగి, హబ్సిగూడ, హైదరాబాద్