కట్టెల లెక్క తప్ప చెట్టు లెక్క తెలిసినవాళ్లేరీ?

సంపాదకులకు,

కర్నూలు పాతబస్తీలో మా పెరట్లో మా నాయన నాటిన వేపచెట్టుంది. 2009 అక్టోబర్ వరదలో ఇల్లంతా బురదైనా అది కదల్లేదు. పోయిన నెల మాత్రం మనుషుల చేతిలో దెబ్బ తింది.

ఒక పెద్ద కొమ్మ పక్కింటి రేకుల మీదికి వాలింది. గాలి వీచినప్పుడల్లా టెన్షన్. చెట్లు కొట్టేవాళ్లను పిలిచాను. మొదట వచ్చినాయన చెట్టెక్కలేదు, మానును తట్టి కూడా చూడలేదు. చుట్టూ చేతులేసి కొలిచి, "లోపలంతా డొల్ల సార్, మొత్తం తీసేద్దాం. కట్టెలు నాకొదిలేస్తే కూలి వద్దు" అన్నాడు. కట్టెల మీద బతికే మనిషి చెట్టు బాగుందని ఎందుకంటాడు? 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం చెట్టు కొట్టాలంటే అనుమతి కావాలి కదా అంటే నవ్వాడు.

రెండో కుర్రాడు కొమ్మ ఒక్కటే కోస్తానన్నాడు. కొమ్మకు మోకు కట్టలేదు. మిషన్ రంపంతో పైనుంచి ఒకేసారి కోశాడు. సగం తెగగానే బరువుకు కొమ్మ చీలి, మాను బెరడును మూరెడు ఒలుచుకుంటూ ఆ రేకుల మీదే పడింది. రేకుల డబ్బు నేనే కట్టుకున్నాను. ముందు కిందివైపు గాటు పెట్టాలట. దానికి కాస్త అవతల పైనుంచి కోసి, మిగిలిన ముక్కను కొమ్మ మొదట్లో ఉండే ఉబ్బుకు తగలకుండా తీయాలట. అప్పుడే గాయం పూడుతుందని వ్యవసాయ శాఖలో రిటైరైన మా బావ చెప్పాడు, అంతా అయిపోయాక!

మూడు నాలుగేళ్ల కిందట తెగులు సోకి వేపచెట్ల చిగుళ్లు మాడినట్టు ఎండాయి. చచ్చిపోయాయనుకుని మా వీధిలో రెండు చెట్లు కొట్టించారు. మేం బద్ధకం కొద్దీ వదిలేశాం. వానలకు మాది మళ్లీ చిగిర్చింది.

చెట్టెక్కేవాళ్లలో పదిమందికైనా అటవీ, ఉద్యాన శాఖల వాళ్లతో శిక్షణ ఇప్పించి, వాళ్ల ఫోన్ నంబర్లు నగరపాలక సంస్థ ఆఫీసులో బోర్డు మీద పెట్టించండి. చెట్టును చూసి చెప్పినందుకు ఫీజు విడిగా ఇస్తాం, కట్టెలతో ముడిపెట్టకుండా. ఆ కుర్రాడిని తిట్టబుద్ధి కాలేదు. నడుముకు తాడైనా లేకుండా ఎక్కాడు, నేర్పినవాళ్లు లేరు.

చీలిన చోట ఇంకా బంక కారుతోంది. ఎవరికి చూపించాలో తెలియడం లేదు.

– ఒక విశ్రాంత డ్రాయింగ్ మాస్టారు, కర్నూలు