లావు ఖర్చు ఎవరి జేబులోంచి?

బరంపురం

ఒరేయ్ సూరీ,

నీ ఉత్తరం అందింది. ఒడిశా రాయగడలో మనవాళ్ల సంఘంలో ఊబకాయం ఖర్చు గురించి నిన్ను మాట్లాడమన్నారా, మంచిదే. "ఒకడు లావెక్కితే వాడి చొక్కా వాడికి బిగుతు, సర్కారుకేం నొప్పి?" అని ఎవడైనా లేచి అడిగితే ఏం చెప్పాలని రాశావు కదా. తప్పకుండా అడుగుతారు. అలాంటివాడికి నీతులు చెప్పకు, లెక్క చూపించు.

ముందు కొలత సంగతి. బరువుని కిలోల్లో తీసుకుని, మీటర్లలో ఉన్న ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే బీఎంఐ. 160 సెంటీమీటర్ల మనిషి 64 కిలోలుంటే సరిగ్గా 25. ప్రపంచ లెక్కలో 25 నుంచి అధిక బరువు, 30 నుంచి ఊబకాయం. మనకి మాత్రం 23, 25 అని మన డాక్టర్లు 2009లోనే గీత కిందికి దించారు. అదే బరువులో మనకి కొవ్వు ఎక్కువ, అదీ పొట్టలోనే చేరుతుంది, షుగర్ తొందరగా వస్తుంది. అందుకే టేపు ముఖ్యం: మగవాళ్లకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 దాటకూడదు. చివరి పక్కటెముకకీ తుంటి ఎముకకీ మధ్యన, ఊపిరి వదిలాక కొలవాలి. చాలామంది ప్యాంటు కట్టుకునే చోట కొలుస్తారు. పొట్ట దానిపైన వేలాడుతూ ఉంటుంది, టేపులో మాత్రం సన్నగానే కనిపిస్తాడు!

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 25 గీత ప్రకారమే, ఒడిశా ఆడవాళ్లలో నూటికి 23 మంది అధిక బరువు. ఇచ్ఛాపురం దగ్గర సరిహద్దు దాటి ఆంధ్రలోకి వెళ్తే 36. ఆంధ్రావాళ్లని చూసి నవ్వుకోకు, మనమూ అదే దారిలో ఉన్నాం. అదే సర్వేలో ఒడిశా ఆడవాళ్లు నూటికి 20 మందికి పైగా ఉండాల్సిన దానికంటే సన్నగా ఉన్నారు. మీ జిల్లాలో ఈ రెండూ పక్కపక్క వీధుల్లోనే కనిపిస్తాయి. ఇది మనసులో పెట్టుకో, పన్నుల దగ్గర పనికొస్తుంది.

ఇప్పుడు ఖర్చు. "ఊబకాయం" అని రాయించుకుని ఎవడూ ఆస్పత్రిలో చేరడు. షుగరనో, గుండె అనో, మోకాళ్లనో చేరతాడు. కాబట్టి ప్రతి జబ్బు బిల్లులోంచీ లావు వాటా విడదీయాలి. ఊరికే లెక్క కోసం, నూటికి పాతికమంది లావు, వాళ్లకి ఆ జబ్బు వచ్చే అవకాశం మూడింతలు అనుకో. మూడులోంచి ఒకటి తీసెయ్, రెండు. దాన్ని 0.25తో గుణించు, 0.5. ఆ 0.5ని 1.5తో భాగించు, మూడో వంతు. ఆ జబ్బుకి ఏటా 30 లక్షలు ఖర్చయితే అందులో 10 లక్షలు లావు పద్దు. పత్రికల్లో తప్పులు దొర్లేది ఇక్కడే. షుగర్ కింద ఒకసారి రాసింది, ఆ షుగర్ వల్ల పాడైన కిడ్నీ కింద మళ్లీ రాస్తారు. లేదంటే "మూడింతలు" అన్నది బీఎంఐ 30 దాటినవాళ్ల అధ్యయనంలోంచి తెచ్చి, జనం శాతాన్ని బీఎంఐ 23 దగ్గర్నుంచి లెక్కేస్తారు. మనిషి సంగతేమో గానీ అంకె మాత్రం ఉబ్బిపోతుంది.

ఆస్పత్రి బిల్లు చిన్న భాగమే అనుకో. సెలవు పెట్టిన రోజులు, పనిలోకి వచ్చి కూడా సగం పనే చేసిన రోజులు, యాభై ఏళ్లకే మంచం పట్టడం, ముందే పోవడం, అసలు బరువంతా వీటిదే. ఇవన్నీ కలిపి మన దేశానికి 2019లో సుమారు 2,900 కోట్ల డాలర్లు, అంటే జీడీపీలో ఒక శాతం అని ఒక అంచనా. ప్రపంచం మొత్తానికి 2035 నాటికి ఏటా 4.32 లక్షల కోట్ల డాలర్లు అవుతుందని వరల్డ్ ఒబేసిటీ ఫెడరేషన్ 2023లో చెప్పింది.

చదువుకున్నవాడు ఎవడైనా ఉంటే ఒక మెలిక పెడతాడు, సిద్ధంగా ఉండు. 2008లో నెదర్లాండ్స్ పరిశోధకులు జీవితకాలం మొత్తం వైద్యం ఖర్చు లెక్కేస్తే, లావుపాటివాళ్ల కంటే ఆరోగ్యంగా ఉన్నవాళ్లకే ఎక్కువైంది. ఎక్కువకాలం బతుకుతారు, ముసలితనంలో మందులు వాడతారు, అంతే. లెక్కలో తప్పేం లేదు. కానీ అది వైద్యం ఖర్చు లెక్క మాత్రమే. కాలు తీసేసిన మేస్త్రీ పోగొట్టుకున్న కూలి అందులో లేదు, వాడి కూతురు మానేసిన చదువూ లేదు. మనిషి తొందరగా పోతే ఖజానాకి లాభం అనే వాదన సభలో గట్టిగా ఒకసారి చదివి వినిపించు, చాలు.

ఇక సర్కారు జేబు. ఒడిశాలో రాష్ట్రం ఇచ్చే గోపబంధు వైద్యం కార్డు, కేంద్రం ఇచ్చే ఆయుష్మాన్ కార్డు 2025 నుంచి కలిసి నడుస్తున్నాయి. ఇంటికి ఏడాదికి 5 లక్షలు, ఆడవాళ్లకి ఇంకో 5 లక్షలు. అయితే ఇది ముఖ్యంగా ఆస్పత్రిలో చేరితేనే. బైపాస్‌కి డబ్బుంటుంది, ఆ బైపాస్ దాకా రానివ్వని బీపీ మాత్ర మాత్రం సర్కారు ఆస్పత్రిలో మందులిచ్చే నిరామయ కౌంటర్లో స్టాక్ ఉంటే ఉచితం, లేకపోతే మందుల షాపే దిక్కు. పదిహేను రోజులు మాత్ర మానేసినవాడికి ఏ నొప్పీ తెలీదు కాబట్టి మళ్లీ రాడు. నా దృష్టిలో మొత్తం వ్యవస్థలో పెద్ద చిల్లు ఇదే.

షుగర్ వల్ల కిడ్నీ పాడైనవాడి డయాలిసిస్ చూడు. వారానికి రెండుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. తోడు మనిషితో కలిపి ఏడాదికి 208 పనిదినాలు. రోజు కూలి 400 అనుకుంటే 83,200 రూపాయలు. యంత్రం ఉచితమే, కూలి ఎవడిస్తాడు? పెద్ద జబ్బయితే మీ రాయగడ వాళ్లూ, మా బరంపురం వాళ్లూ విశాఖ రైలెక్కాల్సిందే. ఆయుష్మాన్ కార్డు సరిహద్దు దాటుతుంది, రైలు చార్జీ, లాడ్జి అద్దె, భోజనం దాని కిందికి రావు.

మరి సర్కారు ఏం చెయ్యాలి? ధర దాని చేతిలో ఉంది, దాన్నే తిన్నగా వాడటం లేదు. మెక్సికో 2014లో తీపి డ్రింకుల మీద లీటరుకి ఒక పెసో వేస్తే మొదటి ఏడాదే కొనుగోళ్లు సగటున ఆరు శాతం తగ్గాయి. బ్రిటన్ ఇంకా తెలివిగా, 100 మిల్లీలీటర్లలో 5 గ్రాముల లోపు చక్కెర ఉంటే సున్నా, 5 దాటితే లీటరుకి 18 పెన్నీలు, 8 దాటితే 24 అని 2016లో ప్రకటించి 2018లో అమలుచేసింది. మధ్యలో రెండేళ్లు టైమిచ్చింది కదా, చాలా కంపెనీలు పన్ను తప్పించుకోడానికి చక్కెరే తగ్గించేశాయి. కావలసింది అదే. మనకి 2025 సెప్టెంబర్ 22 నుంచి కూల్ డ్రింకు మీద 40 శాతం జీఎస్టీ. చక్కెర ఉన్నా లేకపోయినా అంతే! ఇంక కంపెనీ చక్కెర ఎందుకు తగ్గిస్తుంది? గ్యాసు లేని మామిడి డ్రింకుకి 5 శాతమే, తీపిలో అదేం తీసిపోదు. బిస్కెట్లు, మిక్చర్, నూడుల్స్, చాక్లెట్లు కూడా అదే రోజు 5 శాతంలోకి దిగాయి.

ఒడిశా ఒక్కటే విడిగా పన్ను వెయ్యొచ్చు కదా అంటారు. కేరళ 2016లో బ్రాండు రెస్టారెంట్ల బర్గర్లు, పిజ్జాల మీద 14.5 శాతం వేసింది, మరుసటి ఏడాది జీఎస్టీ వచ్చి అది పోయింది. ఇప్పుడు కేంద్రం, రాష్ట్రాలు కలిసి కూర్చునే జీఎస్టీ కౌన్సిల్ ఒప్పుకోవాలి. ఒక రకంగా నయమే. డెన్మార్క్ 2011లో కొవ్వు మీద పన్ను వేస్తే జనం జర్మనీ వెళ్లి వెన్న కొనుక్కొచ్చారు, 2013 మొదట్లో ఎత్తేశారు. మందు సీసాకీ పెట్రోలుకీ గీత దాటే మన సరిహద్దు జనానికి ఇది వేరే చెప్పక్కర్లేదు. జీఎస్టీ ఇటూ అటూ ఒకటే కాబట్టి ఆ బెడద లేదు.

నూనె మీద పన్ను పెంచమని ఎవడైనా అంటే ఒప్పుకోకు. సన్నగా ఉన్న ఆ 20 మంది ఇళ్లలో కూడా పోపు నూనెతోనే వేస్తారు. సర్కారు తీరు మాత్రం విచిత్రం. 2025 ఫిబ్రవరిలో ప్రధాని నూనె పది శాతం తగ్గించమన్నారు, మే నెలాఖర్లో ముడి నూనె దిగుమతి సుంకం 20 నుంచి 10 శాతానికి తగ్గించారు. ఇంటి లెక్క ఇలా చెప్పు: నలుగురికి నెలకి 5 లీటర్ల డబ్బా అంటే 4,550 గ్రాములు, మనిషికి రోజుకి 38. జాతీయ పోషకాహార సంస్థ చెప్పేది 20 నుంచి 30. మూడు లీటర్ల పైన ఇంకో పావు లీటరుతో సరిపెట్టుకుంటే దార్లోకొచ్చినట్టే.

చోళ్ల గురించి, అంటే రాగుల గురించి అడుగుతారు. ఒడిశా మిల్లెట్ మిషన్ 2017లో మొదలైంది, 2025-26లో చోళ్లకి మద్దతు ధర క్వింటాలుకి 4,886 రూపాయలు. మీ వైపు రైతుకి మంచిదే. కానీ చోళ్లు తింటే సన్నబడతారని చెప్పకు. 100 గ్రాముల పిండిలో దాదాపు 320 కేలరీలు, బియ్యంలో 355, తేడా అంతే. పీచు నాలుగింతలు కాబట్టి తొందరగా ఆకలెయ్యదు. అంబలి కాస్తే మేలు, నేతి లడ్డూ చేస్తే కాదు.

బరువు తగ్గించే ఇంజెక్షన్ల సంగతీ వస్తుంది. మౌంజారో 2025 మార్చిలో ఇక్కడికొచ్చినప్పుడు తక్కువ డోసు సీసా 3,500 రూపాయలు, వారానికొకటి. నెలకి 14,000. ఆపేస్తే బరువు చాలావరకు తిరిగొస్తుంది. సర్కారు అందరికీ ఇవ్వగలిగేది కాదది.

సంఘం తరఫున కలెక్టరుకి అర్జీ రాస్తే రెండే అడగండి. 30 ఏళ్లు దాటినవాళ్లకి షుగర్, బీపీ పరీక్ష చేసే సబ్ సెంటర్లలో మాత్రలు ఒకేసారి నెలకి సరిపడా ఇమ్మనండి, వారానికోసారి తిప్పితే కూలి మనిషి రాడు. రెండోది, బడికి 50 మీటర్ల లోపు ఉప్పు, చక్కెర, కొవ్వు ఎక్కువున్న సరుకు అమ్మకూడదని 2020 నాటి ఆహార భద్రత నిబంధన ఉంది, దాన్ని ఫుడ్ సేఫ్టీ ఆఫీసరు చేత అమలుచేయించమనండి. బండివాళ్ల పొట్ట కొట్టొద్దు, ఆ అర్జీలోనే వాళ్లకి వేరే చోటు చూపించమని కూడా రాయండి. లేకపోతే వాళ్లు మర్నాడే 51వ మీటర్లో నిలబడతారు.

మాట్లాడేది ఎప్పుడో రాయి, వీలైతే వస్తాను.

నీ
రామం