జెల్డా చిత్రంలో లింక్ మౌనాన్ని కాపాడాలి

సంపాదకుల వారికి,
నమస్కారం.

నింటెండో, సోనీ పిక్చర్స్ సంస్థలు కలిసి ‘ది లెజెండ్ ఆఫ్ జెల్డా’ వీడియో గేమ్‌ను చలనచిత్రంగా తీస్తున్నాయని ప్రకటన వెలువడిన 2023 నవంబరు నుంచి పత్రికల్లో వస్తున్న చర్చ చాలావరకు నటీనటుల చుట్టూ, వారి వేషధారణ చుట్టూ తిరుగుతోంది. కథానాయకుడు లింక్‌గా బెంజమిన్ ఇవాన్ ఐన్స్‌వర్త్, రాకుమారి జెల్డాగా బో బ్రాగసన్ రాణిస్తారా లేదా అన్నది తెర మీద చూస్తే తేలిపోతుంది. ఆ ఆటను ప్రేమించే వారికి అంతకంటే ముఖ్యమైన ప్రశ్న మరొకటి ఉంది. ఈ చిత్రంలో లింక్ మాట్లాడతాడా?

1986లో మొదటి ఆట వచ్చిన నాటి నుంచి ఈ వరుసలోని ప్రధానమైన ఆటల్లో లింక్ గొంతు విప్పి సంభాషణ చెప్పిన సందర్భం దాదాపు లేదు. 2017 నాటి ‘బ్రెత్ ఆఫ్ ది వైల్డ్’లో జెల్డాతో సహా ముఖ్యమైన పాత్రలకు గొంతు ఇచ్చినా, లింక్‌కు మాత్రం అరుపులు, ఆయాసం తప్ప మాటలు ఇవ్వలేదు. నూరేళ్ల నిద్ర నుంచి గతమంతా మరచి లేచిన ఆ యువకుడు కొండ అంచున నిలబడి హైరూల్ రాజ్యాన్ని చూస్తాడు. దూరాన కోటలో జెల్డా ఆ నూరేళ్లూ ప్రతినాయకుడు గానన్‌ను ఒంటరిగా నిలువరిస్తూ ఉంటుంది. నేరుగా కోటకు వెళ్లడమో, కొండలెక్కి, పుట్టగొడుగులు ఏరి వండుకుని, శిథిలమైన ఊళ్ల మధ్య తిరుగుతూ పోయిన జ్ఞాపకాలను ఒక్కొక్కటిగా తిరిగి పొందడమో ఆడేవారి ఇష్టం. ఆ శిథిలాల ముందు అతడికి కలిగే దుఃఖాన్ని ఎవరూ వివరించరు కనుకనే అది మన దుఃఖమవుతుంది. అందరి చూపూ తన మీదే ఉన్నందువల్ల బరువంతా మౌనంగా మోయాలని అతడు నమ్ముతాడని జెల్డా దినచర్యలో రాసుకుంటుంది. అంటే ఆ మౌనం అతడి స్వభావంలోనే ఉంది.

రెండు గంటల చిత్రాన్ని మూగ నాయకుడితో నడపడం సాధ్యమా అని సందేహించేవారు 1998లో వచ్చిన ‘ఒకారినా ఆఫ్ టైమ్’ను గుర్తు చేసుకోవాలి. అందులో లింక్ చిన్న ఊదుడు వాద్యం మీద పాట పలికించి వాన రప్పిస్తాడు, పగటిని రాత్రిగా మారుస్తాడు, గుర్రాన్ని పిలుచుకుంటాడు. కోజి కోండో కూర్చిన ఆ బాణీలు చిత్రంలో సగం సంభాషణల పని చేయగలవు. క్యోటో సమీపంలోని సొనోబెలో కొండలూ గుహలూ తిరుగుతూ పెరిగిన ఈ ఆట సృష్టికర్త మియమోతో స్వయంగా నిర్మాతల్లో ఒకరు కావడం, చిత్రీకరణకు న్యూజిలాండ్ ప్రకృతిని ఎంచుకోవడం నాకు ధైర్యాన్నిస్తున్నాయి.

నా అసలు ఆందోళన తెలుగు అనువాదం గురించి. ‘పాతాళ భైరవి’ (1951), ‘మాయాబజార్’ (1957) రూపుదిద్దుకున్న వడపళనిలో నివసిస్తున్నాను. పింగళి నాగేంద్రరావు గారి మాటలు మన జానపద, పౌరాణిక చిత్రాలకు ప్రాణం పోశాయి. ఆ మాటల రుచికి అలవాటు పడిన మనకు నాయకుడి మౌనం లోటుగా తోచడం సహజం. అయితే అదే ‘మాయాబజార్’లో ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ స్టూడియోలో సృష్టించిన వెన్నెల మాటలతో కాక వెలుగునీడలతోనే మనసును తాకింది, మన పెద్దలు ఇప్పటికీ దాని గురించే చెబుతారు. ఈ రెండూ మన సంపదే.

డబ్బింగ్‌లో పాత్ర వీపు తిప్పి నిలబడినప్పుడు, పెదవులు కనిపించనప్పుడు, అక్కడొక అదనపు మాట చేర్చే అలవాటు ఉంది. హాస్యానికో, కథ తొందరగా అర్థం కావడానికో అలా చేస్తారు. లింక్ విషయంలో ఆ ఒక్క మాట పాత్రనే చెరిపేస్తుంది. తెలుగు హక్కులు తీసుకునేవారు మూలంలో నిశ్శబ్దం ఉన్న చోట నిశ్శబ్దాన్నే ఉంచాలనీ, రచయితకు ఈ ఆటను పరిచయం చేసిన తర్వాతే పని అప్పగించాలనీ మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. ఇళ్లల్లో తెలుగు మాట్లాడుతూ, బడిలో తమిళమో ఇంగ్లీషో చదువుతున్న పిల్లలు చెన్నైలో ఎందరో ఉన్నారు. వారి కోసం ఇక్కడి మల్టీప్లెక్సులు కనీసం సెలవు రోజుల్లో ఒక ఆటైనా తెలుగులో వేయాలని థియేటర్ యాజమాన్యాలకు నా విన్నపం.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
వడపళని, చెన్నై