2024 వార్షిక నివేదిక: టెక్సాస్‌లోని ఫ్రిస్కో ఊరి చరిత్రపై ఈ ఏడాది మన తెలుగు సంఘం చేసిన పని

గౌరవ అధ్యక్షులకు, కార్యవర్గ సభ్యులకు, జీవిత సభ్యులకు, ఈ సర్వసభ్య సమావేశానికి విచ్చేసిన కుటుంబాలన్నిటికీ నమస్కారం.

నియమావళి ప్రకారం కార్యదర్శి ప్రతి ఏడాదీ ఈ సమావేశంలో సంఘం పనుల వివరాలు సభ్యుల ముందుంచాలి. క్రోధి నామ సంవత్సర ఉగాది, పిల్లల తెలుగు తరగతులు, బతుకమ్మ, దీపావళి, సంక్రాంతి ముగ్గుల పోటీ ఎప్పటిలాగే జరిగాయి. వాటి ఫొటోలు మీరందరూ వాట్సాప్ గ్రూపులో చూసే ఉంటారు కనుక వాటి గురించి ఇంకా చెప్పబోను. ఈ ఏడాది మనం కొత్తగా చేసిన పని ఒక్కటే. మనం కాపురముంటున్న ఈ ఊరు ఎలా పుట్టిందో తెలుగులో చెప్పే ప్రదర్శన తయారు చేసి, దానితో పాటు పాత పట్నంలో ఒక నడక నిర్వహించాము. ఈ నివేదికలో ఎక్కువ భాగం దానికే కేటాయిస్తున్నాను. ఆ పని వెనుక ఎవరెవరి కష్టం ఉందో రాతపూర్వకంగా నమోదు కావాలన్నది కూడా నా ఉద్దేశం.

మనలో చాలామందికి ఫ్రిస్కో అంటే మంచి బడులు, డాలస్ నార్త్ టోల్‌వే, స్టోన్‌బ్రయర్ మాల్, కార్యసిద్ధి హనుమాన్ ఆలయం. గేటు పడి గూడ్సు బండి వెళ్లేదాకా కారులో కూర్చోవలసి వచ్చినప్పుడు తప్ప ఈ ఊరికి రైలుతో సంబంధముందన్న సంగతి గుర్తుకు రాదు. అప్పుడు కూడా మనం విసుక్కోవడమే గానీ, ఆ పట్టాలే లేకపోతే ఊరు కూడా ఉండేది కాదని ఆలోచించము. ప్రదర్శన పెడదామని కార్యవర్గంలో ప్రతిపాదన వచ్చినప్పుడు, "వందేళ్ల ఊరికి చరిత్రేమిటండీ, మన దగ్గర గుడి మెట్లు కూడా వెయ్యేళ్లవి" అని ఒక సభ్యులు నవ్వారు. తర్వాత ఆయనే ఫలకాలకు చెక్క చట్రాలు చేసి ఇచ్చారు. ఆయనకు మన ప్రత్యేక కృతజ్ఞతలు.

రైలు రాకముందు ఇక్కడ దారి ఉండేది. ఈనాటి ప్రెస్టన్ రోడ్డు మార్గంలోనే పూర్వం షానీ బాట సాగేది. అంతర్యుద్ధానికి ముందు దక్షిణ టెక్సాస్ నుంచి పొడవు కొమ్ముల పశువుల మందలను ఆ బాట మీదుగానే ఉత్తరాన రెడ్ నది దాటించి మిస్సోరీ వైపు తోలుకుపోయేవారు. ఆ బాట పక్కన ప్రెస్టన్ గట్టు మీద లెబనాన్ అనే పల్లె వెలిసింది. ఇప్పుడు మనం రోజూ తిరిగే లెబనాన్ రోడ్డుకు ఆ పేరు అక్కడినుంచే వచ్చింది. 1902లో సెయింట్ లూయిస్–శాన్ ఫ్రాన్సిస్కో రైలు కంపెనీ ఈ ప్రాంతం గుండా కొత్త మార్గం వేసినప్పుడు సహజంగా లెబనాన్‌కే స్టేషను రావాలి. కానీ ఆవిరి ఇంజన్లకు దారిలో ఇరవై ముప్ఫై మైళ్లకొకచోట నీళ్లు పట్టాలి, బరువు బండి గట్టు ఎక్కడం కష్టం. అందువల్ల కంపెనీవారు లెబనాన్‌ను వదిలేసి పడమరగా దాదాపు నాలుగు మైళ్ల దూరంలో, పల్లపు నేలలో నీటి మజిలీ పెట్టారు. ఆ మజిలీ చుట్టూ పెరిగిన ఊరే ఇది. స్టేషను తమ దగ్గరికి రాకపోయేసరికి లెబనాన్ వాసులు కొందరు తమ ఇళ్లనే పెకలించి, దుంగల మీద దొర్లించుకుంటూ కొత్త ఊరికి తెచ్చుకున్నారు. చెక్క ఇళ్లు గనుక అది సాధ్యమైంది. మన బాలల విభాగం ఈ ఘట్టాన్ని చిన్న నాటికగా ప్రదర్శించినప్పుడు, అట్టపెట్టె ఇంటిని దుంగల మీద దొర్లిస్తుండగా అది సగం దారిలో విరిగిపోయింది. ప్రేక్షకులు అది నాటికలో భాగమే అనుకుని చప్పట్లు కొట్టారు.

ఇలా కదిలింది ఈ ఊరొక్కటే కాదు. ఇదే మార్గంలో ఉత్తరాన ఉన్న సెలీనా కూడా 1902లో పాత చోటు వదిలి పట్టాల పక్కకు చేరింది. రాక్ హిల్ వాసులు ప్రాస్పర్‌కు తరలివచ్చారు. సెలీనాలో, ప్రాస్పర్‌లో ఇళ్లు కొనుక్కున్న మన సభ్యుల సంఖ్య ఏటేటా పెరుగుతోంది కనుక, ఈ సంగతి చెప్పే ఫలకం ముందే ఎక్కువ మంది ఆగారని గమనించాము.

ఊరి పేరు గురించి కూడా చాలామంది అడిగారు. స్థలాలు వేలం వేసిన భూమి మెకిన్నీ పట్టణపు బ్యాంకరు ఫ్రాన్సిస్ ఎమర్సన్‌ది కావడంతో మొదట ఎమర్సన్ అని పేరు పెట్టుకున్నారు. లామార్ కౌంటీలో ఎంబర్సన్ అనే ఊరు అప్పటికే ఉండటం వల్ల ఉత్తరాలు తారుమారవుతాయని తపాలా శాఖ ఆ పేరును అంగీకరించలేదు. 1904లో ఊరివారు రైలు కంపెనీని అందరూ పిలిచే పొట్టి పేరునే తీసుకుని ఫ్రిస్కో సిటీ అన్నారు, తర్వాత సిటీ రాలిపోయింది. విచిత్రమేమిటంటే, పేరులో శాన్ ఫ్రాన్సిస్కో ఉన్నా ఆ కంపెనీ పట్టాలు ఎన్నడూ ఆ నగరం దాకా చేరలేదు. 1908లో ఊరు పురపాలక సంఘంగా ఏర్పడింది. మొదటి మేయరు ఐ.ఎస్. రోజర్స్ అనే డాక్టరు. 1910 జనాభా లెక్కల్లో ఇక్కడ 332 మంది ఉన్నారు, అంటే మన ఉగాది భోజనాల బంతికి వచ్చినవారికంటే తక్కువ.

నల్లరేగడి నేల కావడంతో పత్తి, గోధుమ, మొక్కజొన్న పండేవి. జిన్నింగు మిల్లులు, ధాన్యం నిల్వచేసే ఎలివేటర్లు పట్టాల వెంట లేచాయి, రైతు పంట బండికెక్కించి బజారులో సామాను కొనుక్కుని ఇంటికి వెళ్లేవాడు. పాత పట్నంలో ఇప్పటికీ నిలిచి ఉన్న ఆ గాదెల గోపురాల దగ్గర మన నడక బృందం చాలాసేపు ఆగింది. గుంటూరు, ఆదిలాబాదు జిల్లాల నుంచి వచ్చిన పెద్దలకు నల్లరేగడి గురించి, పత్తి గురించి ఎవరూ వివరించనవసరం లేకపోయింది. వానపడితే ఆ మట్టి ఎలా ఉబ్బుతుందో, ఎండకు ఎలా నెర్రెలిస్తుందో వాళ్లే మనకు చెప్పారు. మన ఇళ్ల పునాదులు ఎందుకు పగుళ్లిస్తున్నాయో అప్పుడు తెలిసిందని కొందరు యువ సభ్యులు అన్నారు.

ఈ నడకకు నిజమైన శోభ తెచ్చినవారు మన సభ్యురాలొకరి తండ్రిగారు. బిట్రగుంట లోకోషెడ్డులో ఫైర్‌మన్‌గా చేరి, డ్రైవరుగా పదవీ విరమణ చేసి, మనవడి కోసం ఆరు నెలలు ఇక్కడికి వచ్చిన పెద్దాయన. నీటి మజిలీ గురించి మేము రాసిన నాలుగు వాక్యాల ఫలకం చదివి, "ఇది సరిపోదు బాబూ, నీళ్లెందుకో చెప్పాలి" అని తానే మాట్లాడటం మొదలుపెట్టారు. బాయిలరులో నీటి మట్టం పడిపోయి, నిప్పు మండే ఫైర్‌బాక్సు కప్పు బయటపడితే అక్కడ బిగించిన సీసపు బిరడా (లెడ్ ప్లగ్గు) కరిగిపోతుందనీ, ఆవిరి నిప్పుల మీదికి చిమ్మి మంట చల్లారుతుందనీ, బండి దారిలో నిలిచిపోతే ఫైర్‌మన్‌కు మెమో తప్పదనీ ఆయన చెబుతుంటే, పిల్లలు ఫోన్లు లోపల పెట్టి విన్నారు. ఎక్కడ నీళ్లు దొరుకుతాయో దాన్ని బట్టే స్టేషను, స్టేషనును బట్టే షెడ్డు, షెడ్డును బట్టే ఊరు అన్న సంగతి బిట్రగుంటలో పుట్టిపెరిగిన ఆయనకు తెలిసినంతగా మా కమిటీలో ఎవరికీ తెలియదు. ఆయన మాటలను మన సాంస్కృతిక కార్యదర్శి రికార్డు చేశారు, త్వరలో సభ్యులకు అందుబాటులో ఉంచుతాము.

నడక చివరి మజిలీ అమెరికన్ రైలురోడ్డు మ్యూజియం. అది డాలస్ ఫెయిర్ పార్కు నుంచి ఈ ఊరికి తరలివచ్చిన సంస్థ. అక్కడి బిగ్ బాయ్ 4018 అనే భారీ ఆవిరి ఇంజనును 2013 ఆగస్టులో పట్టాల మీదే లాక్కొచ్చారు. యూనియన్ పసిఫిక్ కంపెనీ కొండదారుల కోసం 1941–44 మధ్య ఇటువంటివి 25 మాత్రమే చేయించింది, ఇప్పుడు 8 మిగిలాయి. తాను నడిపిన డబ్ల్యూజీ ఇంజనుకు తిప్పే చక్రాలు ఎనిమిదే, దీనికి పదహారు అని పెద్దాయన లెక్కపెట్టి, చెయ్యి వేసి చూసి, "దీనికి బొగ్గు మనిషి వెయ్యలేడు, యంత్రమే వెయ్యాలి" అన్నారు. అది నిజమేనని, దానికి బొగ్గు తోసే మరయంత్రం ఉండేదని పక్కనే ఉన్న మ్యూజియం స్వచ్ఛంద కార్యకర్త ధ్రువీకరించారు. ఒకరికి తెలుగు రాదు, మరొకరికి ఇంగ్లీషు అంతంతమాత్రం, అయినా ఇద్దరూ అరగంట సేపు మాట్లాడుకున్నారు. 1968లో రాబర్ట్ కెనెడీ అంతిమయాత్ర రైలును లాగిన ఇంజన్లలో ఒకటైన జీజీ1 4903 కూడా అక్కడే ఉంది. సమయం చాలక దాన్ని కొందరే చూడగలిగారు.

మన పిల్లలు బాగా ఇష్టపడిన ఫలకం రకూన్ అనే చిన్న అడవి జంతువు బొమ్మది. రైలు కంపెనీ ముద్ర, సాగదీసి ఆరబెట్టిన రకూన్ తోలు ఆకారంలో ఉండేది. మిస్సోరీలోని నియోషో స్టేషను గోడకు కొట్టిన తోలును చూసి ఒక అధికారి దాన్ని ఎంచుకున్నాడని కథ చెబుతారు. ఫ్రిస్కో హైస్కూలు జట్లకు రకూన్ పేరే ఉంది. ఆ బడిలో చదువుతున్న మన పిల్లలు కొందరు ఈ సంగతి మొదటిసారి విన్నారు. రైలు కంపెనీ మాత్రం 1980 నవంబరులో బర్లింగ్టన్ నార్తర్న్‌లో కలిసిపోయింది. ఇప్పుడు మన గేట్ల దగ్గర ఆపేవి దాని వారసురాలైన బీఎన్‌ఎస్‌ఎఫ్ కంపెనీ గూడ్సు బండ్లు. 1990లో ఆరు వేల పైచిలుకు ఉన్న జనాభా 2000 నాటికి 33,714కు, 2010 నాటికి 1,16,989కి, 2020 నాటికి 2,00,509కి చేరింది. ఈ పెరుగుదలకు కారణం రైలు కాదు, టోల్‌వే, కంపెనీ ఆఫీసులు, మనలాంటివారు. ఈ అంకెల ఫలకం పక్కన మన కుటుంబాలు ఏ ఏడాది ఈ ఊరికి వచ్చాయో రాసుకోవడానికి ఖాళీ బోర్డు పెడితే, సాయంత్రానికి అది నిండిపోయింది.

ఇక చెప్పక తప్పని మాటలు. ఈ కార్యక్రమానికి స్వచ్ఛంద కార్యకర్తలుగా పేర్లిచ్చినవారి జాబితా చాలా పెద్దది, ఉదయం ఏడింటికి కుర్చీలు దించడానికి వచ్చినవారిని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ప్రదర్శన రోజున సామాజిక మాధ్యమాల్లో ఫొటోలు పెట్టినవారిలో కొందరిని నేను ఆ రోజు అక్కడ ఎక్కడా చూడలేదు. పిల్లలకు స్వచ్ఛంద సేవా గంటల ధ్రువపత్రం కోసం ఫోను చేసే తల్లిదండ్రులు, ఆ గంటలు పని జరిగే చోటనే లెక్కకు వస్తాయని దయచేసి గమనించాలి. ఇండోర్ హాలు కోసం మేము ముందుగా దరఖాస్తు పెట్టినా, సంబంధిత కార్యాలయం నుంచి సమాధానం కార్యక్రమం అయిపోయిన తర్వాత వచ్చింది. దానిలో మా దరఖాస్తు పరిశీలనలో ఉందని రాసి ఉంది. అందువల్లనే ఎండలో గుడారాలు వేయవలసి వచ్చింది. ఎండ గురించి ఫిర్యాదు చేసిన సభ్యులు ఈ సంగతిని కూడా దృష్టిలో పెట్టుకోవాలని మనవి.

ఫలకాల ఇంగ్లీషు, తెలుగు పాఠాలు సరిచూసిన ఇద్దరు విశ్రాంత ఉపాధ్యాయులకు, అచ్చు ఖర్చులో సగం భరించిన జీవిత సభ్యులకు, పులిహోర, దద్దోజనం చేసి తెచ్చిన మహిళా విభాగానికి, నాటిక వేసిన పిల్లలకు, వారిని వారాంతాల్లో మళ్లీ మళ్లీ తీసుకొచ్చిన తల్లిదండ్రులకు, మంచినీళ్ల డబ్బాలు మోసిన యువకులకు, అందరికంటే ముందు వచ్చి అందరికంటే ఆఖరున వెళ్లిన మన ఉపాధ్యక్షురాలి గారికి కార్యవర్గం తరఫున ధన్యవాదాలు. క్రోజియర్-సికిల్స్ ఇంటినీ, లెబనాన్ బాప్టిస్టు చర్చి పాత భవనాన్నీ హెరిటేజ్ సెంటర్‌లో మనకు ఓపికగా చూపించిన స్థానిక చరిత్ర ప్రియులకు కూడా కృతజ్ఞతలు. పేర్లు మరచిపోతే నొచ్చుకుంటారని పేర్లు వేయలేదు, ఎవరికి వారికి తెలుసు.

లెక్కల విషయం. ఆదాయ వ్యయ పట్టికను కోశాధికారి గారు విడిగా పంచుతున్నారు. ఆదాయం ఖర్చులకు సరిపోయింది, అప్పు లేదు, పన్ను శాఖకు పంపవలసిన ఫారం 990 గడువులోగా వెళ్లింది. వివరాలు కావలసినవారు భోజన విరామంలో ఆయనను కలవవచ్చు. సభ్యత్వ రుసుము ఇంకా చెల్లించనివారు కూడా ఆయననే కలవాలి.

వచ్చే విశ్వావసు ఉగాదికి ఈ ప్రదర్శనను మళ్లీ పెట్టాలని, ఈసారి ప్రాస్పర్, సెలీనా చరిత్రలకు ఒక్కో ఫలకం చొప్పున చేర్చాలని కార్యవర్గం తీర్మానించింది. దీనికి ఆ రెండు ఊళ్లలో ఉన్న సభ్యులు ముందుకు రావాలి. ఫలకాలు, చట్రాలు, అట్ట ఇల్లు, దుంగలు ప్రస్తుతం సహాయ కార్యదర్శి గారి గ్యారేజీలో ఉన్నాయి, దానివల్ల ఆయన కారు వడగళ్ల కాలమంతా బయటే ఉంది. ఉగాది దాకా వాటికి చోటు చూపగలవారు ఈరోజే నాతో చెబితే, వచ్చే శనివారం వ్యాను మాట్లాడి తరలిస్తాము.

ఇట్లు,
కార్యదర్శి