గ్యాస్ ఇప్పుడే ఎక్కియ్యకు రా శీనూ

అరే శీనూ,

ఎట్లున్నవ్ రా? ఫోన్‌ల నీ కారు ఏసీ సంగతి విన్నప్పటి నుంచి మనసు ఆగుతలేదు, అందుకే మొత్తం రాస్తున్న. ఫ్యాన్ స్పీడ్ ఒకటి, రెండు, మూడు మీద గాలే రాదు, నాలుగు మీద మాత్రం ఫుల్లుగ కొడుతది అన్నవ్ కదా, దానికి మీ మెకానిక్ గ్యాస్ ఎక్కియ్యాలె అన్నడట. గ్యాస్‌కు దీనికి సంబంధమే లేదు రా! గ్యాస్ తగ్గితే గాలి వస్తది కానీ చల్లగ రాదు, నీకు నాలుగు మీద మంచి చల్లగనే వస్తుంది. పోయింది బ్లోవర్ రెసిస్టర్, అంటే గాలి కొట్టే ఫ్యాన్ (బ్లోవర్) స్పీడ్ తగ్గించే ముక్క.

పోయిన ఎండాకాలం నా పాత బండికి గిదే అయింది. అరచేతిల పట్టేంత ముక్క, దాని మీద స్ప్రింగు లెక్క తీగలుంటయ్. తక్కువ స్పీడ్ పెడితే కరెంటు ఆ తీగల నుంచి పోయి మోటారుకు తగ్గి అందుతది, నాలుగు పెడితే వాటి జోలికి పోకుండ డైరెక్టుగ మోటారుకే పోతది, అందుకే అదొక్కటి పనిచేస్తది. తీగలు బాగ వేడెక్కుతయ్ కాబట్టి బ్లోవర్ గాలి తగిలే జాగలనే పెడతరు, చాలా బండ్లల్ల గ్లోవ్ బాక్స్ వెనకాల. బ్యాటరీ నెగెటివ్ తీసి, ఆ డబ్బా ఊడదీసి చూస్తే నాకు రెండు స్క్రూలు, ఒక కనెక్టర్ కనబడ్డయ్. రెసిస్టర్ మీది థర్మల్ ఫ్యూజ్ (బాగ వేడెక్కితే కరెంటు ఆపేసేది) నల్లగ మాడింది, కనెక్టర్ల ఒక పిన్ను పక్కన ప్లాస్టిక్ కరిగి గోధుమ రంగుకు తిరిగింది. అట్లుంటే కనెక్టర్ కూడ మార్చాలె.

ఆ ఫ్యూజ్ తీసేసి తీగతోని కలిపేస్తం అనేటోళ్లుంటరు, అస్సలు ఒప్పుకోకు, అది ఉన్నదే మంట లేవకుండ ఆపనీకి.

ఇంకోటి, ఊరికే రెసిస్టర్ మారిస్తే సరిపోదు, అది ఎందుకు మాడిందో చూడాలె. ఏసీ ఫిల్టర్ దుమ్ముతోని మూసుకపోతే రెసిస్టర్‌కు గాలి తగలదు, బ్లోవర్ మోటారు బిగుసుకపోతే కరెంటు ఎక్కువ గుంజుతది, అప్పుడు కొత్తది కూడ మాడుతది. మోటారును చేత్తో తిప్పి చూడు, సాఫీగ తిరగాలె. నా ఫిల్టర్ తీస్తే ఎండిన వేపాకులు, మట్టి, అసలు తెల్ల కాగితమే కనబడలే.

వచ్చే వారం సిటీకి వస్తున్నవ్ కదా, బండేసుకొనే రా. పాత ముక్క చేతిల పట్టుకొని బండ్ల స్పేర్ పార్టుల దుకాణాలుండే రాణీగంజ్ పోదాం, పిన్నుల వరస కలిపి చూసుకొని తీసుకుందాం, బిగించుడు మా ఇంటి ముందరనే చేద్దాం. అప్పటిదాక అమ్మను ఎక్కించుకొని పోవాలంటే ఏసీ ఫ్యాన్ నాలుగు మీదనే పెట్టుకో.

నీ రవి