కోటప్పకొండ తిరునాళ్ల ప్రభ: ఈ ఏటి జమా ఖర్చులు, రెండో క్రేన్ సంగతి

ఊరి పెద్దలకు, అక్కలకు, అన్నలకు, హైదరాబాదులో, బెంగళూరులో, అమెరికాలో ఉన్న మనవాళ్లందరికీ ప్రభ కమిటీ నమస్కారాలు. కోటప్పకొండ కోటయ్య స్వామి (శివుడు) తిరునాళ్లకు మన ఊరు కట్టే ప్రభ, అంటే బొంగులు, ఇనుప గొట్టాలతో కట్టి లైట్లు పెట్టి నిలబెట్టే ఎత్తైన చట్రం, దాని లెక్క ఇది. శివరాత్రి ఫిబ్రవరి 15న అయిపోయింది, లెక్క ఇన్నాళ్లకు చెబుతున్నాం. ఆలస్యం మాదే. రెండో క్రేన్ బిల్లు వస్తుందని చూస్తూ కూర్చున్నాం, అది రాలేదు.

జమ:
పోయినేడు మిగిలింది 18,400
ఊళ్లో 212 ఇళ్ల చందా 4,26,500
బయట ఉన్నవాళ్లు పంపింది 2,85,000
ప్రభ దగ్గర భక్తులు వేసిన కానుకలు 31,200
మొత్తం 7,61,100

ఖర్చు:
లైటింగ్ సెట్, ఎలక్ట్రీషియన్లు 3,10,000
ఇనుప గొట్టాలు, వెల్డింగ్, బొంగులు, మోకులు 1,12,300
రెండు జనరేటర్లు, డీజిల్ 84,600
మొదటి క్రేన్ (ఎత్తడానికి, దించడానికి) 70,000
భోజనాలు, టీలు 61,200
డప్పులు, పూలు, కొబ్బరికాయలు, ఫ్లెక్సీలు 44,700
ట్రాక్టర్లు, టైరు బండి 38,500
రెండో క్రేన్ 46,000
మొత్తం 7,67,300

వీటిలో రెండో క్రేన్‌కు తప్ప అన్నిటికీ బిల్లులు ఉన్నాయి, రామాలయంలో ఫైలు పెట్టాం, ఎవరైనా చూడొచ్చు. భోజనాల ఖర్చు ఎక్కువైందని ఒకరిద్దరు అన్నారు. పది రోజులు, రోజుకు పాతిక ముప్పై మంది కుర్రాళ్లు పనులు మానుకుని, కూలి అడక్కుండా వెల్డింగ్ దగ్గరా బల్బుల దగ్గరా నిలబడ్డారు, వాళ్లకు రెండు పూటలా అన్నం పెట్టాం, అంతే.

ఇక రెండో క్రేన్. ఆ క్రేన్ అసలు రానే లేదనీ, కమిటీ వాళ్లు పంచుకున్నారనీ టీ కొట్టు దగ్గర మాటలు నడుస్తున్నాయి. 14వ తేదీ రాత్రి కొండ కింద ప్రభను నిలబెడుతుంటే పదకొండున్నర దాటాక గాలి లేచింది, 80 అడుగుల ప్రభ, బోర్డు మొత్తం తెరచాపలా గాలి పట్టి ఒక పక్కకు వాలింది, ఆ పక్క మోకులు పట్టుకున్న వాళ్లు కాళ్లు నిలవక జారుతున్నారు. కింద మన పిల్లలు పద్దెనిమిది మంది ఉన్నారు. ఒక్క క్రేన్‌తో ఇంక పైకి లేపను, రెండో వైపు నుంచి ఇంకో క్రేన్ పట్టుకోవాల్సిందే అని ఆపరేటర్ చెప్పేశాడు. తిరునాళ్ల ముందు రాత్రి క్రేన్ ఎక్కడ దొరుకుతుంది? చిలకలూరిపేటలో ఒకటి దొరికింది, 60,000 అడిగాడు, బతిమాలి 46,000కు ఒప్పించాం. 30,000 ఫోన్‌పేలో కొట్టాం, ఆ స్క్రీన్‌షాట్ ఫైలులో ఉంది. 16,000 చేతికిచ్చాం, దానికి డ్రైవర్ సంతకం చేసిన కాగితం ఒక్కటే ఉంది. బిల్లు తీసుకోకుండా నగదు ఇవ్వడం మా తప్పు, ఒప్పుకుంటున్నాం. పెద్దల్లో ఒకరికైనా ఆ రాత్రి ఫోన్ చేసి చెప్పి ఉండాల్సింది. కానీ డబ్బు తిన్నామనే మాట మాత్రం చాలా బాధ పెట్టింది. తెల్లారేసరికి ప్రభ నిటారుగా నిలబడింది, ఎవరికీ గీత కూడా పడలేదు, "చేదుకో కోటయ్యా" అంటూ ఊరంతా వచ్చి చూసింది.

ఎత్తు తగ్గించుకుంటే ఈ గొడవ ఉండేది కాదుగా అన్నవాళ్లకు ఒక మాట. 80 అడుగులని సంక్రాంతి తర్వాత రామాలయం మెట్ల మీద అందరం కూర్చుని అనుకున్నదే, కమిటీ ఒక్కటే తేల్చింది కాదు. కోటిన్నొక్క ప్రభలు వస్తే స్వామి కొండ దిగి వస్తాడని పెద్దలు చెప్పగా విన్నవాళ్లం, మన ఊరి ప్రభ ఒక్కటి తగ్గకూడదనే అందరి పట్టుదల. వచ్చే ఏడు 60 అడుగులు చాలంటే మాకూ సమ్మతమే, ముందే చెప్పండి.

6,200 లోటు వచ్చింది, దాన్ని కమిటీలో నలుగురం వేసుకున్నాం. చందా రాయించి ఇంకా ఇవ్వని ఇళ్లు 11 ఉన్నాయి, మొత్తం 58,000. పేర్లు ఇక్కడ రాయడం లేదు. మైకులో పేరు చదివించుకుని ఇప్పుడు ఫోన్ ఎత్తకపోతే మాకు కష్టంగా ఉంది, ఉగాదిలోపు ఇవ్వండి. అది వస్తే లోటు పోగా 51,800 వచ్చే ఏటికి ఉంటుంది.

అడక్కుండానే జనరేటరుకు కాపలా కాసిన చిన్నపిల్లలకు, అర్ధరాత్రి క్యాన్లతో టీ తెచ్చిన అక్కలకు, దూరం నుంచి డబ్బు పంపి ఒక్క ప్రశ్న కూడా అడగని వాళ్లకు చేతులెత్తి దండం పెడుతున్నాం.

ఇనుప గొట్టాలు 46, మోకులు 14 చుట్టలు బడి వెనక గదిలో పెట్టి తాళం వేశాం. తాళం చెవి రామాలయం పూజారి గారి దగ్గర ఉంది, కమిటీ దగ్గర లేదు.